పెరటి కబుర్లు: పూసిందంటే కాసినట్టేనా?

ఈ శీర్షికకు సపోటా మీద ఉత్తరం రాని నెల లేదు. అన్నిట్లోనూ ఒకటే ఫిర్యాదు. చెట్టు ఏపుగా వుంది, ఆకు నవనవలాడుతోంది, కొమ్మకొమ్మకూ పూత గుత్తులు గుత్తులుగా వుంది, కాయ మాత్రం నిలవదు, ఏం చెయ్యమంటారు? ఇంతకాలమూ నేనూ అందరిలాగే జవాబులు రాస్తూ వచ్చాను. చివికిన పశువుల ఎరువు వెయ్యండి, వేసవిలో నీళ్ళు తప్పించకండి, పాదులో ఇంత వేపపిండి చల్లండి అని. ఆ సలహాల్లో తప్పేమీ లేదు. అయితే అసలు సంగతి చాలా ఇళ్ళలో అది కాదని మొన్న కార్తీకమాసంలో విశాఖపట్నంలో మా అక్కయ్యగారింట నాకు తెలిసివచ్చింది. తెలియజెప్పినవి రెండు. ఒకటి నువ్వుగింజలో సగం కూడా లేని పురుగు. రెండోది ఎప్పుడో కూలిపోయిన పక్కింటివారి చెట్టు.

అక్కయ్యగారి ఇల్లు మర్రిపాలెంలో. బావగారు ఓడరేవులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇల్లు కట్టిన కొత్తలో, అంటే పాతికేళ్ళ పైమాటే, కడియం నుంచి సపోటా అంటు ఒకటి తెప్పించి ముందు గేటు పక్కన నాటారు. క్రికెట్ బాల్ రకం. పేరుకు తగ్గట్టే గుండ్రంగా, చేతినిండా వచ్చే కాయ. ఆ రోజుల్లోనే పక్కింటివారు కూడా ఒక సపోటా వేశారు. వారిది విజయనగరం వైపు. వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకొన్న చెట్టు. కాయ చిన్నది, కోలగా కోడిగుడ్డులా వుండేది, తీపి మాత్రం చెప్పనలవి కాదు. రెండు చెట్లూ గోడకు ఇటొకటి అటొకటిగా పెరిగి, పైన కొమ్మలు కలిపేసుకొన్నాయి. ఏ కాయ ఎవరిదో తేల్చుకోలేక రెండిళ్ళ పిల్లలూ పోట్లాడుకొన్న వేసవులు నాకు జ్ఞాపకమే. ఒక్కొక్క ఏడు అక్కయ్య మాకు రైల్లో బుట్టతో పంపేది. ఇంటికి వచ్చేసరికి అడుగున వున్నవి మెత్తబడిపోయి, బుట్టంతా తేనెపట్టులా జిగురు జిగురుగా వుండేది.

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ రోజు విశాఖలో వున్నవారికి నేను చెప్పవలసిన పని లేదు. గంటకు 180 కిలోమీటర్ల వేగానికి దగ్గరగా వీచిన ఆ గాలికి ఊళ్ళో చెట్టన్నది మిగలకుండా పోయిందా అనిపించింది. నిజానికి సపోటా గాలికి సులభంగా పడే చెట్టు కాదు. సముద్రపు ఉప్పుగాలినీ, ఈదురునూ తట్టుకొంటుంది కాబట్టే కోస్తా ఊళ్ళకు అది మంచి చెట్టు. అక్కయ్యగారిది నిలబడింది. పక్కింటివారి నిద్రగన్నేరు మాను కూలి, వాళ్ళ సపోటామీద పడి మొదలంటా చీల్చేసింది. తరవాత రెండేళ్ళకు వాళ్ళు ఆ స్థలం అమ్ముకొని పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. ఇప్పుడక్కడ అయిదంతస్తుల ఫ్లాట్లు, కింద కార్లు.

ఆ ఏటినుంచి అక్కయ్యగారి చెట్టుకు కాపు తగ్గుతూ వచ్చింది. వందలు వందలు కాసిన చెట్టు డజన్లకు దిగింది. గత మూడేళ్ళుగా పండుగకు దేవుడి ముందు పెట్టడానికి నాలుగు కాయలు కరువు. తుపానులో వేళ్ళు కదిలాయని బావగారు చాలాకాలం అన్నారు. తరవాత ఎరువు చాలలేదన్నారు. ఆ తరవాత ఊళ్ళో దుమ్ము ఎక్కువయిందన్నారు. అక్కయ్య పైకి ఏమీ అనకుండా ఒక గుమ్మడికాయ కొట్టించి, కొమ్మకు దిష్టిబొమ్మ వేలాడదీసింది. పక్కింటివారి చెట్టు పోయిన సంగతికీ తమ చెట్టు కాయని సంగతికీ ముడి వుందని ఎవరికీ తోచలేదు. నాకు మాత్రం తోచిందా?

నేను వెళ్ళేసరికి చెట్టు కొట్టించే ప్రయత్నంలో వున్నారు. అబ్బాయి కొత్తగా కారు కొన్నాడు. అది ఎండకు ఎండుతోంది. గేటు పక్కన చెట్టు తీసేస్తే షెడ్డు వేసుకోవచ్చు. అబ్బాయి వాదంలో అన్యాయమేమీ లేదు. చెట్లు కొట్టే మనిషి వచ్చి చుట్టూ తిరిగి చూసి, మాను మీద గొడ్డలి వెనకతో రెండు దెబ్బలు తట్టి, "గొడ్డు సెట్టమ్మా ఇది. నీడకి తప్పితే ఏటికీ పనికిరాదు" అన్నాడు.

కోడలు అప్పుడే కాఫీ గ్లాసులు పట్టుకొని గడపలోకి వచ్చింది. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. ఆ అమ్మాయి గ్లాసులు అక్కడే బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అక్కయ్య ఆ మనిషితో, "ఆ మాట ఈ ఇంట్లో అనకు నాయనా. ఇవాళ వద్దు, తరవాత కబురు చేస్తాం" అని యాభై రూపాయలు చేతిలో పెట్టి పంపేసింది. చెట్టు ఆ పూటకు అలా బతికింది.

అతను అన్నది మర్యాద కాని మాట అని పక్కన పెట్టండి. అది ఆ చెట్టు విషయంలో వట్టి అబద్ధం కూడా. ఆ మధ్యాహ్నం బాల్చీ బోర్లించి ఎక్కి కొమ్మ వంచి చూశాను. ప్రతి రెమ్మ చివరా ఆకుల మధ్య పువ్వులే. మీ ఇంట్లో చెట్టుంటే మీరూ ఒకటి కోసి చూడండి. సపోటా పువ్వు కళ్ళబడేది కాదు, చిన్న గంటలాగా, అరంగుళమైనా లేకుండా వుంటుంది. బయట తుప్పు రంగు నూగు. లోపల తెల్లటి రేకులు ఆరు, అడుగున ఒకదానికొకటి అతుక్కొని గొట్టంలా వుంటాయి. పుప్పొడి తిత్తులు ఆరూ ఆ గొట్టానికే అంటుకొని లోపల దాగి వుంటాయి. మధ్యనుంచి సూదిలాంటి కాడ ఒకటి, పువ్వు సరిగా విచ్చుకోకముందే, బయటికి పొడుచుకొని వస్తుంది. దాని చివర జిగురుగా వుండే చుక్కే కీలాగ్రం. పుప్పొడి అక్కడ పడాలి. పడితేనే కాయ.

చూశారా తమాషా? పుప్పొడి లోపలి గదిలో, దానికోసం ఎదురుచూసేది వాకిట్లో. ఆడా మగా ఒకే పువ్వులో వున్నా ఒకదాన్నొకటి అందుకోవు. గాలి కొంత సాయం చెయ్యవచ్చు. మందారంలాగా తుమ్మెదలను పిలిచే రంగు లేదు, మల్లెలాగా వాసన లేదు. మరి ఈ పువ్వు ఎవరిని నమ్ముకొని పూస్తున్నట్టు?

ఈ ప్రశ్నకు జవాబు ఎక్కడో మెక్సికోలో దొరుకుతుందనుకొన్నాను. సపోటా పుట్టిల్లు ఆ దేశాలే కదా. ఆ చెట్టు పాలతోనే పూర్వం చూయింగ్ గమ్ చేసేవారు. తీరా విచారిస్తే జవాబు మా అక్కయ్యగారింటికి నాలుగైదు మైళ్ళలోనే వుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రం చెప్పిన ఇ.యు.బి. రెడ్డిగారు సపోటా పువ్వుల మీద పరిశోధన చేసి 1989లో, ఢిల్లీలోని భారత జాతీయ విజ్ఞాన అకాడెమీ పత్రికలో ప్రచురించారు. సపోటా పువ్వుకు పుప్పొడి మోసేవి తామరపురుగులని ఆయన చూపించారు. రెండు జాతుల పేర్లు కూడా ఇచ్చారు: త్రిప్స్ హవాయియెన్సిస్, హాప్లోత్రిప్స్ టెన్యుయిపెన్నిస్. ఆ తరవాత పరదేశాల్లో ఉష్ణమండలపు పంటల మీద రాసినవారు కూడా సపోటా దగ్గరికి వచ్చేసరికి ఈ పరిశోధననే చెప్పుకొన్నారు. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న సామెత వుండనే వుంది. విశాఖలో ఎన్ని ఇళ్ళలో సపోటాలున్నాయి, ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

తామరపురుగంటే గుంటూరు వైపు రైతులకు గుండె దడ. 2021-22లో కొత్తరకం తామరపురుగు వచ్చి ఆంధ్రలోనూ తెలంగాణలోనూ మిరపచేలను మాడ్చివేసింది. పువ్వుల్లో చేరి గీరి రసం పీల్చి కాయ లేకుండా చేసింది. అది వేరే జాతి. కాని కులమొకటే కాబట్టి పేరు చెడ్డది. సపోటాలో మాత్రం ఈ కులం వాళ్ళే ఉపకారులు. గంటలాంటి పువ్వు వాళ్ళకు ఇల్లు, పుప్పొడి అన్నం. తింటూ తిరుగుతూ ఒంటికి పుప్పొడి రేణువులు అంటించుకొని, పక్క పువ్వుకు పోతూ వాకిట్లో వున్న ఆ జిగురు చుక్కకు రాసి పోతాయి. తెలిసి చేసే ఉపకారం కాదనుకోండి.

చూడాలంటే పెద్ద సామానేమీ అక్కరలేదు. ఒక తెల్ల కాగితం మీద నాలుగు పువ్వులు పట్టుకొని వేలితో తట్టండి. క్షణం ఆగండి. సన్నటి గీతల్లాంటివి, పసుపువి కొన్ని నల్లవి కొన్ని, కాగితం మీద పరుగులు పెడతాయి. నేను ఆ పని చేసి బావగారిని పిలిచాను. నా ఉద్దేశం ఆయనకు మిత్రులను పరిచయం చేద్దామని. ఆయన కళ్ళజోడు సర్దుకొని చూసి, "అమ్మమ్మా, పురుగు ఇంత వుందా! ఇన్నాళ్ళూ నాకెందుకు కనపడలేదు!" అంటూ మందు పంపు కోసం మేడ కిందికి పరుగెత్తారు. పట్టుకొని ఆపడానికి నేనూ అక్కయ్యా ఇద్దరం కావలసివచ్చింది.

అప్పుడు బయటపడింది రెండో సంగతి. ఎవరో చెప్పగా ఆయన మూడేళ్ళుగా పూత సమయంలో నెలకొకసారి పురుగుమందు కొడుతున్నారట. మొగ్గలు తొలిచే పురుగు వుందని చెప్పారట. అది లేకపోలేదు. సపోటాకు మొగ్గ తొలిచే పురుగూ, ఆకులు అల్లుకొని గూడు కట్టే పురుగూ రెండూ వున్నాయి. మొగ్గకు రంధ్రం, దాని చుట్టూ పట్టులాంటి దారం కనిపిస్తే వాటి పనే. వాటిని గూడుతో సహా తుంచి కాల్చెయ్యాలి. మందు తప్పనిసరి అయితే మొగ్గ ఇంకా గట్టిగా వున్నప్పుడే కొట్టాలి. పువ్వు విచ్చాక ఎంత మంచి మందయినా సరే, ఆ విషం మొదట పడేది కాగితం మీద పరుగెత్తిన ఆ చిన్నవాళ్ళమీదే. బావగారు పాపం పువ్వును కాపాడుతున్నాననుకొని పెళ్ళికి పురోహితుణ్ణే రానివ్వలేదు.

అయినా కాగితం మీద అన్ని పురుగులు కనిపించాయంటే మందొక్కటే కారణం కాదు. ఆ నెల ఆయన కొట్టడం మరిచిపోయారు లెండి. అయినా పిందె లేదు. ఇక్కడ గోడ అవతలి చెట్టు సంగతి చెప్పాలి.

సపోటాల్లో కొన్ని రకాలకు తమ పుప్పొడి తమకు సరిపడదు. రేణువు కీలాగ్రం మీద పడినా లోపలికి దిగదు. ఇంకో రకం చెట్టునుంచి వస్తేనే స్వీకరిస్తుంది. మన సగోత్రపు పెళ్ళిళ్ళ నియమంలాంటిదే. అన్ని రకాలకూ ఈ పట్టింపు లేదు. మహారాష్ట్రలో ఘోల్వడ్ ప్రాంతంలోనూ గుజరాతులోనూ కాలిపత్తి రకాన్ని ఎకరాలకెకరాలు వేసి కాయిస్తున్నారు. క్రికెట్ బాల్‌కు మాత్రం కాయ పెద్దది, కాపు పల్చన అన్న పేరు మొదటినుంచీ వుంది. వేరే రకం పక్కనుంటే మెరుగ్గా కాస్తుందంటారు. తామరపురుగు తన రెక్కలతో ఎక్కువ దూరం పోలేదు. కొమ్మలు కలిపిన చెట్ల మధ్య అయితే ఇటు అటు తిరుగుతుంది. అయిదంతస్తుల ఫ్లాట్లు దాటి ఎక్కడికి పోతుంది? అన్నేళ్ళపాటు అక్కయ్యగారి చెట్టుకు కాపు తెచ్చింది బావగారి ఎరువు కాదు, పక్కింటి చెట్టేనని నాకు గట్టి నమ్మకం. ఈ మాట ఆయనతో అంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఎరువూ వుంది" అన్నారు.

ఇక్కడొక హెచ్చరిక. ఇది చదివి నర్సరీకి పరుగెత్తి రెండో క్రికెట్ బాల్ అంటు తెచ్చుకొనేరు! ఒక రకం అంట్లన్నీ ఒకే చెట్టు ముక్కలు. వంద నాటినా లెక్కకు ఒక్క చెట్టే. వేరే రకం తేవాలి. జాగా లేకపోతే మేడమీద పెద్ద డ్రమ్ములోనయినా పెట్టవచ్చు. చేతనైన మాలి వుంటే వున్న చెట్టుకే ఒక కొమ్మకు వేరే రకం అంటు కట్టించుకోవడం ఇంకా సుళువు.

అక్కయ్యకు అంత వ్యవధి లేదు. గొడ్డలి మనిషి కబురుకోసం ఎదురుచూస్తున్నాడు. అందుకని మేము చేతిపని మొదలుపెట్టాం. ఉక్కునగరంలో బావగారి స్నేహితుల ఇంట కాలిపత్తి చెట్టు వుంది. ఉదయాన్నే అబ్బాయి, తన కారులోనే, వెళ్ళి టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ పరిచి అప్పుడే విచ్చిన పువ్వులు ముప్ఫై దాకా కోసుకొచ్చాడు. పువ్వు రేకుల గొట్టాన్ని మెల్లగా లాగితే పుప్పొడి తిత్తులతో సహా ఊడి వస్తుంది. దాన్ని చిటికెన పట్టుకొని, మన చెట్టు పువ్వులో బయటికి వచ్చిన సూదిమొనకు రెండు మూడుసార్లు రాయాలి. అంతే. చలిదేశాల ఆపిల్ తోటల్లో వేరే రకం పూలకొమ్మలను నీళ్ళ బాల్చీలో పెట్టి చెట్టు కింద వుంచుతారు, తేనెటీగలు మిగతాపని చూసుకొంటాయి. మనకు ఆ సౌకర్యం లేదు. ఇది ఓపిక పని.

నా కళ్ళకు ఆ సూదిమొన ఆనలేదు. అక్కయ్య చెయ్యి వణుకుతుంది. చివరికి కోడలే స్టూలు వేసుకొని ఎక్కింది. ఎవరమూ చెయ్యమని అడగలేదు. మూడు ఉదయాలు చేసింది. రాసిన ప్రతి పువ్వు కాడకూ ఎర్రదారం ముక్క కట్టింది, లెక్క తప్పకుండా. నలభై రెండు దారాలు.

నేను ఊరికి వచ్చేశాను. పన్నెండో రోజున ఫోను. దారాల్లో చాలావాటికి పువ్వు ఎండి రాలిపోయిందని అక్కయ్య దిగులుగా చెప్పింది. రాలక ఏం చేస్తుంది? ఏ సపోటా అయినా తను పూసిన పువ్వుల్లో కొద్దిపాటివే నిలుపుకొంటుంది. అన్నీ కాస్తే కొమ్మ మోయలేదు. సంక్రాంతికి మళ్ళీ లెక్క పెట్టించాను. ఎర్రదారాలున్నవాటిలో పదిహేను పిందెలు నిలిచాయి. దారం లేని కొమ్మల్లో, చెట్టంతా వెతికితే తొమ్మిది. ఒక్క చెట్టుతో శాస్త్రం నిరూపణ కాదు, నాకు తెలుసు. కాని ఆ ఇంట్లో ఎవరికీ ఇంకా నిరూపణ అక్కరలేకపోయింది.

ఉత్తరాలు రాసినవారి కోసం మరి రెండు మాటలు. మీ చెట్టుకు మూడేళ్ళు నిండకపోతే పిందె కోసం బెంగపడకండి, పూతను గిల్లెయ్యండి. గింజనుంచి మొలిచిన చెట్టయితే కాపుకు ఏడెనిమిదేళ్ళు కూడా పట్టవచ్చు. ఇంకొకటి, సపోటాను సాధారణంగా పాల మొక్క మీద అంటు కడతారు. అంటు కింద నుంచి వచ్చే చిగుళ్ళను తుంచకుండా వదిలితే పాల చెట్టే పెరిగి పైనున్న సపోటాను మింగేస్తుంది. ఆకు కొంచెం వేరుగా, చిన్నదిగా, చివర గుండ్రంగా వుంటే అనుమానించండి. అటువంటి చెట్టుకు ఎన్ని పువ్వులు రాసినా లాభం లేదు. కాయ నిలిచాక కోతకు ఏడు నుంచి పది నెలలు పడుతుంది. మధ్యలో గోరుతో గీకి చూసి పచ్చగా వుంటే మళ్ళీ మళ్ళీ గీకకండి. పసుపుపచ్చ కనిపించేదాకా ఓపిక పట్టండి.

ఇది రాస్తున్న ఫాల్గుణంలో అక్కయ్యగారి పిందెలు నిమ్మకాయంత అయ్యాయట. ఉడతలు మరిగాయి. బావగారు పాత చీర ముక్కలతో ఎర్రదారం కాయలకు సంచులు కుట్టించి తొడుగుతున్నారు. దారం లేనివాటికి తొడగరట, అవి తన ఎరువుకు కాసినవట, వాటికి భయం లేదట. అబ్బాయి కారుకు గొడుగుగుడ్డ కొన్నాడు. గోడ పక్కన డ్రమ్ములో కొత్త అంటు ఒకటి వచ్చింది, కాలిపత్తి. కోడలు దానికి పొద్దున్నే నీళ్ళు పోసి, అక్కడే నిలబడి కాఫీ తాగుతుందని అక్కయ్య చెప్పింది.